ఒక్క సైజు పిక్కలే కావాలంటే

మా పిన్ని చేతులు చూస్తే గోరింటాకు పెట్టుకుని మధ్యలో కడిగేసుకుందేమో అనిపిస్తుంది. వేళ్ల కొసలు నల్లగా ఉంటాయి, అరచేతిలో చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. పలాస కాశీబుగ్గలో ఇరవై ఏళ్లకు పైగా జీడి పిక్కలు కొట్టిన చేతులవి. పిక్క పెంకులో ఉండే జీడి నూనె తగిలితే చర్మం కాలుతుంది, అందుకని పనిలో కూర్చునే ముందు ఆముదమో బూడిదో రాసుకుంటారు, అయినా కాలుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు ఆవిడ అన్నం కలిపి ముద్ద పెడుతుంటే ఆ నలుపు అన్నానికి అంటుతుందేమోనని చూసేవాణ్ణి. అంటదు. చర్మం లోపలికి దిగిపోయిన నలుపు అది.

తర్వాత చాలా ఏళ్లకు రోబోటిక్స్‌లో పీహెచ్‌డీకి సీటొచ్చి, ఏ సమస్య తీసుకుంటావని మా గైడు అడిగితే ఇంకో ఆలోచన లేకుండా పిక్కలు కొట్టే రోబో చెయ్యి అన్నాను. ఆయనకు భలే నచ్చింది. పల్లె ఉపాధి, ఆడవాళ్ల ఆరోగ్యం, కృత్రిమ మేధ, మూడూ ఒకే ప్రపోజల్లో పడతాయన్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మాది పర్లాకిమిడి. లెక్కకు ఒడిశా, గజపతి జిల్లా, కానీ ఊరు దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆ తర్వాత ల్యాబులో ఇంగ్లీషు. పలాస మాకు పక్క రాష్ట్రమే, కానీ పెళ్లి సంబంధాలన్నీ అటువైపే కాబట్టి పిన్ని అక్కడికి కోడలుగా వెళ్లింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, యూనివర్సిటీలో 'క్షేత్ర సమస్య' అనేదాన్ని వెతుక్కుంటూ జీపుల్లో వెళ్లేవాళ్లను చూశాను, నాకు ఆ అవసరం లేకపోయింది. నా క్షేత్రం నాకు చిన్నప్పుడు అన్నం పెట్టిన చెయ్యే. అంత దగ్గర సమస్యను పట్టుకుని కూడా నేను చేసింది తప్పుడు పరిశోధన, ఈ వ్యాసం దాని గురించే.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పాలి. పచ్చి పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి ఆరబెడతారు. తర్వాత కొట్టేవాళ్ల ముందు ఒక చిన్న కత్తుల మెషీను ఉంటుంది, రెండు వంపు కత్తుల మధ్య పిక్కను సరైన పక్కకి తిప్పి పెట్టి, కాలితో తొక్కితే కత్తులు దగ్గరకొస్తాయి, చేత్తో పిడి తిప్పితే పెంకు విచ్చుకుంటుంది. పప్పు విరక్కుండా రావాలి. గుండు పప్పుకి ఒక ధర, బద్దకి ఒక ధర, ముక్కకి ఇంకా తక్కువ. గుండులో మళ్లీ రకాలు, ఒక పౌను బరువుకి 180 గింజలు తూగితే 180 రకం, 240 తూగితే 240, ఇంకా చిన్నవి 320. గింజ ఎంత పెద్దదైతే అంత ఖరీదు. అంటే పిన్ని చెయ్యి ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే యజమానికి పోయేది రూపాయల్లో కనిపిస్తుంది, పిన్నికి కూలిలో కనిపిస్తుంది.

ఇందులో కష్టమేమిటో నాకు మొదటి ఏడాది అర్థం కాలేదు. పిక్కను చూడ్డం, పట్టుకోవడం, తిప్పడం, పెట్టడం, నాలుగు పనులు. హాన్స్ మొరావెక్ అనే రోబోటిక్స్ పరిశోధకుడు 1988లోనే రాశాడు, తెలివితేటల పరీక్షల్లోనో చెకర్స్ ఆటలోనో కంప్యూటర్ని పెద్దవాళ్ల స్థాయికి తేవడం తేలికే, చూపులో కదలికలో ఏడాది పిల్లాడి స్థాయికి తేవడమే కష్టం అని. దీన్ని క్లాసులో చదివి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. 1997లో చదరంగంలో కాస్పరోవ్‌ని కంప్యూటర్ ఓడించేసింది కదా, పిక్కదేముందిలే అనే ధీమా మాత్రం లోపల అలాగే ఉంది.

సిమ్యులేషన్‌లో అంతా బాగానే జరిగింది. కంప్యూటర్లో పిక్కలు గీసి, చెయ్యి గీసి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి వేల ప్రయత్నాలు, దాదాపు అన్నీ గెలుపులే. నిజం పిక్కలు తెచ్చి బల్ల మీద పోశాక అసలు కథ మొదలైంది. ఉడికిన పిక్క నూనెతో మెరుస్తుంది, దూరం కొలిచే కెమెరా ఆ మెరుపు దగ్గర తడబడుతుంది, పిక్క అంచు ఎక్కడుందో దానికి దొరకదు. రబ్బరు వేళ్లకు జీడి నూనె పట్టి కొన్నాళ్లకే మెత్తబడి జిగటెక్కాయి. గట్టిగా పడితే పిక్క సబ్బుబిళ్లలా ఎగిరిపోతుంది, మెల్లగా పడితే తిప్పేటప్పుడు జారుతుంది. ఒక పిక్క లావుగా, ఒకటి బక్కగా, ఒకటి వంకరగా, ఒకటి రెండు పిక్కలు అతుక్కున్నట్టు. నేను గీసిన పిక్కలన్నీ ఒకే తల్లి పిల్లలు, బస్తాలోవి మాత్రం ఊరంతా. వందకి నలభైకి పైగా కత్తుల దాకా చేరకుండానే పోయేవి.

ఒకసారి పిన్ని ల్యాబుకి వచ్చింది, ఏదో ఆసుపత్రి పని మీద ఆ ఊరు వచ్చి. రోబో చెయ్యి ఒక పిక్కని పట్టుకుని, కాస్త ఆగి, కెమెరా వైపు తిప్పి, మళ్లీ ఆగి, కత్తుల మధ్య పెట్టింది. పిన్ని చాలాసేపు చూసింది. "ఏట్రా, ఇది కూడా నాలాగ నడుం నొప్పితో కూకుందేటి?" అంది. నవ్వాం అందరం. నవ్విన తర్వాత నేను ఆవిడ చేతుల్ని చూశాను, ఆ బల్ల మీది పిక్కల్ని ఊరికే అలా కెలుకుతూ, చూడకుండానే ప్రతి పిక్కనీ బొటనవేలితో సరైన పక్కకి తిప్పి వరసగా పెడుతోంది. అలవాటు. తను ఏం చేస్తోందో తనకే తెలీదు. నేను మూడేళ్లుగా కోడ్ రాస్తున్నది అదే.

డెమో రోజు దగ్గరపడింది. డబ్బిచ్చిన సంస్థ నుంచి కమిటీ వస్తుందన్నారు. నాకు టెన్షన్, గైడుకి అంతకన్నా టెన్షన్. వందకి నలభై పోతున్నాయంటే కుదరదు కదా. ఆయన ఒక మాటన్నారు, అందులో ఆయనకు ఏమాత్రం తప్పు కనిపించలేదు, అప్పుడు నాకూ కనిపించలేదు: "బాగున్న పిక్కలు చూసుకో." అంతే. పిన్నికి ఫోన్ చేశాను, పిన్నీ, ఒక్క సైజువి, నున్నగా ఉన్నవి, ఓ అరకేజీ ఏరి పంపించవా అని. ఏరింది. ఇచ్చేటప్పుడు అడిగింది.

"ఒక్క సైజువే కావాలంటే మరి మిగతావి ఎవులు కొడతారు నాయినా?"

నేనేదో చెప్పాను. ఇది మొదటి మెట్టు పిన్నీ, తర్వాత అన్నీ కొడుతుంది అని. డెమో బ్రహ్మాండంగా జరిగింది. పేపర్ వచ్చింది. అందులో విజయాల శాతం తొంభై దాటింది, 'ఎంపిక చేసిన నమూనాలపై' అని ఒక చిన్న ముక్క మధ్యలో ఎక్కడో ఉంది, చదివేవాళ్లు దాటిపోయే చోట. వీడియో నాలుగు రెట్లు వేగంతో పెట్టాం, మూలన ఆ సంగతి రాశాంలెండి, అంత మోసగాళ్లం కాము. కొన్నాళ్లకి వేరే దేశంలో ఇదే పని మీద ఉన్న ఒక విద్యార్థి మెయిల్ రాశాడు. మీ పద్ధతి మా పిక్కల మీద సరిగా పనిచెయ్యట్లేదు, మీ దగ్గర విఫలమైన పిక్కల ఫొటోలు ఉంటే పంపగలరా, ఏ ఆకారాల దగ్గర తప్పుతోందో చూస్తాను అని. ఎంత మంచి ప్రశ్న అది. నా దగ్గర ఒక్క ఫొటో లేదు. జారిపోయిన పిక్కలన్నిటినీ బక్కెట్లోకి తోసి సాయంత్రం పారబోసేవాళ్లం. మూడేళ్లలో నా దగ్గర పోగైన అసలైన జ్ఞానం అంతా ఆ బక్కెట్లో ఉంది, దాన్ని చెత్తలో పోశాను.

నేను వాదించేది ఒకటే. రోబోటిక్స్‌లో, ఏఐలో యూనివర్సిటీ పరిశోధనకి కంపెనీ పరిశోధన కన్నా వేరే విలువ ఏదైనా ఉందంటే అది ఓటమి లెక్కని బయటపెట్టగల స్వేచ్ఛ. సరుకు అమ్ముకోవాలి కాబట్టి కంపెనీకి ఆ వీలు లేదు. మనకి అమ్మేదేమీ లేదు, అయినా అమ్మేవాళ్లకంటే ఎక్కువ దాస్తున్నాం.

ఓడిపోవడం ఈ రంగానికి కొత్త కాదు. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొహావీ ఎడారిలో డ్రైవర్ లేని బండ్ల పోటీ పెట్టింది. దారి సుమారు 230 కిలోమీటర్లు. ఒక్క బండీ చివరికి చేరలేదు. అందరికన్నా ఎక్కువ దూరం వెళ్లిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బండి 12 కిలోమీటర్ల దగ్గర ఇరుక్కుపోయింది. జనం ముందు, పేపర్లవాళ్ల ముందు. బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది అదే పోటీలో అయిదు బండ్లు దారి పూర్తి చేశాయి, స్టాన్‌ఫర్డ్ బండి ఏడు గంటల లోపే 212 కిలోమీటర్లు నడిచి 20 లక్షల డాలర్లు గెల్చుకుంది. మొదటి ఏడాది ఏ బండి ఎక్కడ, ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు కాబట్టే రెండో ఏడాది అంత ముందుకు పోగలిగారని నా నమ్మకం. అదే మనవాళ్లయితే ఆ 12 కిలోమీటర్ల వీడియోని సంగీతం పెట్టి విడుదల చేసి ఉండేవాళ్లం.

2015లో అదే సంస్థ మనిషి రూపం రోబోలకు పోటీ పెట్టింది, ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి తలుపు తియ్యడం, వాల్వు తిప్పడం, మెట్లెక్కడం లాంటి పనులు. కొరియా వాళ్ల కైస్ట్ యూనివర్సిటీ జట్టు గెలిచింది, వాళ్ల రోబో తెలివంతా ఏమిటంటే అవసరమైనప్పుడు మోకాళ్ల మీద కూర్చుని చక్రాలతో దొర్లిపోవడం. నిలబడితే పడిపోతామని తెలిసినవాడి తెలివి అది. మిగతా రోబోలు తలుపు తీయబోయి తాగుబోతుల్లా వెనక్కి పడిపోయిన వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. చూసి నవ్వుతారు జనం. నేను నా విద్యార్థులకు గెలిచిన వీడియో కన్నా ముందు అవే చూపిస్తాను.

కంపెనీలన్నీ అబద్ధాలాడతాయని కాదు. 2019లో ఓపెన్‌ఏఐ వాళ్లు ఒంటి చేత్తో రూబిక్స్ క్యూబ్ తిప్పే రోబోని చూపించారు, అద్భుతం అన్నారందరూ. వాళ్లే పక్కన రాశారు, బాగా కలిపేసిన క్యూబ్ అయితే 100లో 20 సార్లే పూర్తి చేస్తుంది, కొంచెం తేలికదైతే 60 సార్లు అని. సిమ్యులేషన్‌లో దాదాపు 13,000 సంవత్సరాల అనుభవం ఇచ్చాక వచ్చిన ఫలితం అది! ఆ 20 అనే అంకె నిజాయితీ నాకు చాలా నచ్చింది. కానీ తర్వాత ఏమైంది? 2021 నాటికి ఆ రోబోటిక్స్ జట్టునే ఎత్తేశారు. డేటా దొరికే వేరే పనులు ఉన్నాయి కాబట్టి. వాళ్ల వ్యాపారం, వాళ్లిష్టం. మిగిలిన 80 సార్లూ చెయ్యి ఎందుకు వదిలేసిందో కూర్చుని చూసే ఓపిక ఎవరికుండాలి మరి? జీతం నెలనెలా పడుతూ, సరుకు అమ్మాల్సిన పని లేకుండా, ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులు వచ్చే చోటికి.

దీనికి మా ప్రొఫెసర్ల దగ్గర ఒక జవాబు ఉంటుంది, అది ఊరికే కొట్టిపారేసేది కాదు. ఓటమి చెబితే డబ్బు ఆగిపోతుంది అంటారు. నిజంగానే ఆగింది ఒకప్పుడు. 1973లో బ్రిటన్‌లో జేమ్స్ లైట్‌హిల్ అనే గణిత శాస్త్రవేత్త ప్రభుత్వం అడిగితే ఒక నివేదిక ఇచ్చాడు, ఏఐ పరిశోధన మాట ఇచ్చినంత చెయ్యలేదని. అక్కడి యూనివర్సిటీలకు డబ్బు పడిపోయింది. విచిత్రం ఏమిటంటే ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఫ్రెడీ అనే రోబో అదే రోజుల్లో కలగాపులగంగా పోసిన చెక్క ముక్కల కుప్పలోంచి కావాల్సినవి ఏరుకుని బొమ్మ కారు బిగించేది. నా పిక్కల రోబోకి అది తాతయ్య. అంత పని జరుగుతున్నా గొడ్డలి పడింది. అయితే ఈ కథని నేను ఇంకోలా చదువుతాను. దెబ్బ కొట్టింది ఓటమి కాదు, ముందే ఎక్కువ మాటలు ఇచ్చేయడం. అయిదేళ్లలో మనిషంత తెలివి తెస్తామని ఎవరు చెప్పమన్నారు?

పైగా ఇప్పుడు డబ్బు లేదన్న మాట మునుపటంత చెల్లదు. 2018లో కేంద్రం సైబర్ ఫిజికల్ వ్యవస్థల మిషన్ అని 3,660 కోట్లతో మొదలుపెట్టి దేశంలో 25 కేంద్రాలు పెట్టింది, అందులో రోబోటిక్స్‌వీ ఉన్నాయి. 2024లో ఇండియా ఏఐ మిషన్‌కి 10,300 కోట్లకు పైగా. మా చిన్న కాలేజీలకు అందులో ఎంత చినుకు రాలుతుందన్నది వేరే ఏడుపు. కానీ డబ్బిచ్చేవాళ్లు ఏమడుగుతారు? ఎన్ని పేపర్లు, ఎన్ని పేటెంట్లు, ఎంతమందికి శిక్షణ, ఎన్ని ఒప్పందాలు. నేను నింపిన ఏ ఫారంలోనూ 'ఏది పని చెయ్యలేదు, ఎందుకు' అనే గడి లేదు. ఒక్క గడి! దానికి కొత్త చట్టం అక్కర్లేదు, గుమాస్తా ఒకాయన ఎక్సెల్లో ఒక వరస పెంచితే చాలు.

ఓపిక గురించి మాట్లాడితే మన రాజ్ రెడ్డి గారిని తలుచుకోకుండా ఎలా. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, కార్నెగీ మెలన్‌లో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి డైరెక్టరైన మనిషి. 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చినప్పుడు తెలుగువాళ్లం అందరం మనవాడే అన్నాం, ఆయన ఏం చేశాడో మాత్రం ఎక్కువమంది అడగలేదు. కంప్యూటర్‌కి మాట వినిపించే పని అది. 1971 నుంచి 1976 దాకా డార్పా డబ్బుతో ఆయన చుట్టూ ఉన్న జట్లు రకరకాల దారులు తొక్కాయి, చివరికి హార్పీ అనే వ్యవస్థ 1,011 మాటలు గుర్తుపట్టింది. వెయ్యిన్ని పదకొండు మాటలు, అయిదేళ్లకి. ఆ తర్వాత డబ్బు ఆగిపోయింది. అయినా అదే యూనివర్సిటీలో విద్యార్థుల తర్వాత విద్యార్థులు ఆ పనినే పట్టుకుని కూర్చున్నారు. 2011లో ఫోన్లలో మాట విని జవాబిచ్చే సిరి వచ్చేసరికి ముప్పై అయిదేళ్లు. మా పథకాల కాలపరిమితి మూడేళ్లు, ఆఖరి ఆరు నెలలు డబ్బు దేనికి ఖర్చయిందో చూపించే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌కే పోతాయి.

ఓపిక అంటే మేధావులు ఆలోచిస్తూ కూర్చోవడం అని అనుకోకండి, ఎక్కువ భాగం గాడిద చాకిరీ. ఇవాళ్టి ఏఐ ఊపుకి ఒక మూలం ఇమేజ్‌నెట్ అనే ఫొటోల కుప్ప. ఫే ఫే లీ అనే ప్రొఫెసర్, ఆవిడ విద్యార్థులు 2009లో బయటపెట్టారు, పెరిగి పెరిగి 1.4 కోట్ల ఫొటోలైంది, ప్రతి ఫొటోలో ఏముందో మనుషులే చూసి పేరు పెట్టారు, ఇంటర్నెట్‌లో చిల్లర కూలికి పని చేసిన వేలమంది. 2012లో టొరొంటో యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరూ ఇద్దరు విద్యార్థులూ ఆట కంప్యూటర్లలో వాడే గ్రాఫిక్ కార్డులు రెండు పెట్టి అందులో 12 లక్షల ఫొటోల మీద తమ వ్యవస్థకి తర్ఫీదిస్తే, పోటీలో రెండో స్థానం వాళ్ల తప్పులు 26 శాతం ఉంటే వీళ్లవి 15 శాతం. అందరికీ ఆ ముగ్గురి పేర్లు తెలుసు. ఫొటోలకి పేర్లు పెట్టినవాళ్లెవరో తెలీదు. పిక్కలు కొట్టేవాళ్ల పేరు జీడిపప్పు పొట్లం మీద ఉండదు కదా, అలాగే.

మా ఊళ్లోనే ఇలాంటి చాకిరీ చేసిన ఆయన ఒకాయన ఉన్నాడు, ఏఐతో సంబంధం లేకపోయినా చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటూ వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలుచుకుంటాం, పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ ఆయన కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాషతో గడిపిన దశాబ్దాల్ని మర్చిపోతాం. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాటా మాటా నేర్చుకున్నాడు, కొండలెక్కాడు, మలేరియాకి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నాడు. భాష మీద పని చేసేవాడికి చెవులు పోవడం! సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి, మొదలుపెట్టింది 1890ల్లో. ఇప్పుడు గుమ్మ, సెరంగో వైపు నుంచి వచ్చే సవర పిల్లలు మా కాలేజీలో ఉన్నారు, నాలుగు లక్షల మంది దాకా మాట్లాడే భాష, ఫోన్‌తో ఆ భాషలో మాట్లాడితే దానికి ఒక్క ముక్క ఎక్కదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషలకి అనువాద యంత్రాలు తయారవుతున్నాయి, మంచిదే, సవర ఆ జాబితాలో లేదు. దాన్ని ఏ కంపెనీ పట్టించుకుంటుంది? మా ఊళ్లో కూర్చుని రికార్డు చేసేవాళ్లే చెయ్యాలి, తప్పు గుర్తుపట్టిన ప్రతి మాటా రాసిపెట్టుకుంటూ. అది వేరే వ్యాసానికి దాచుకుంటాను, ఇక్కడితో ఆపకపోతే పిక్కలు మర్చిపోతాను.

ఇంకో ప్రశ్న వస్తుంది, వచ్చే ప్రతిసారీ నాకు ఇబ్బందే. నీ రోబో నిజంగా పని చేసుంటే మీ పిన్ని ఉద్యోగం పోయేది కదా? పోయేది. దానికి అందమైన జవాబు నా దగ్గర లేదు. పిన్నినే అడిగాను ఒకసారి. "నాకు పోతే పోనీ గాని, మా గుంట మాత్రం ఈ పిక్కల కాడ కూకోకూడదు" అంది. మా గుంట అంటే పిన్ని కూతురు, నాకు చెల్లెలు, ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది. అందరు కూతుళ్లకీ నర్సింగ్ సీటు రాదని నాకూ తెలుసు.

అసలు విషయం, నా రోబో కోసం మిల్లులు ఆగలేదు. చాలా చోట్ల పిక్కలు కొట్టే మెషీన్లు వచ్చేశాయి, రంగు తేడా ఉన్న పప్పుని కెమెరాతో పట్టి గాలి ఊది పక్కకి నెట్టేసే మెషీన్లూ వచ్చాయి. కొట్టే మెషీన్లో నేను వాడినలాంటి తెలివేమీ లేదు. ముందు పిక్కల్ని జల్లెడల మీద పోసి సైజుల వారీగా విడగొడతారు, ఏ సైజుకి ఆ కత్తులు. అంతే! పిన్ని అడిగిన ప్రశ్నకి జల్లెడ చెప్పిన జవాబు అది. నా మూడేళ్ల గణితం కన్నా జల్లెడే నయం అని ఒప్పుకోవడానికి కొంచెం టైం పట్టింది నాకు. మెషీను తెగ్గొట్టలేక వదిలేసినవీ, సగం తెగినవీ ఇప్పటికీ ఆడవాళ్ల దగ్గరికే వస్తాయి, అంటే కష్టమైన పిక్కలన్నీ ఏరి మరీ పిన్ని లాంటివాళ్ల ముందు పోస్తున్నారు. యూనివర్సిటీ వాడిగా నేను పట్టుకోవాల్సిన కుప్ప అదే. నేనేమో నున్నటివి ఏరించుకున్నాను.

పీహెచ్‌డీ వచ్చింది, ఆ విషయం కూడా చెప్పేయాలి. ఇప్పుడు సరిహద్దుకి దగ్గర్లోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ల్యాబు అంటే ఒక గది, ఒక పాత రోబో చెయ్యి, రెండు వెబ్‌క్యామ్‌లు, కరెంటు పోతే అందరం వరండాలోకి. ఆ మెయిల్ రాసిన విద్యార్థికి ఆలస్యంగానైనా నిజం రాశాను, ఫొటోలు లేవు, పారేశాం, నీ అంకెలే సరైనవి అని. అతను మర్యాదగా థ్యాంక్స్ చెప్పి ఊరుకున్నాడు. అప్పటికే అతని సమయం ఏడాది నా వల్ల పోయి ఉంటుంది, పైకి అనలేదు.

ఈ వేసవిలో 80 కేజీల బస్తా ఒకటి కొన్నాను, నా జీతంలోంచి, ఏరనిది. పిన్ని మిల్లు మానేసి మా ఇంట్లోనే ఉంటోంది ఇప్పుడు. సాయంత్రాలు ఇద్దరు విద్యార్థులు వస్తారు, ఒకడు ప్రతి పిక్కకీ పైనుంచీ పక్కనుంచీ ఫొటో తీస్తాడు, ఇంకొకమ్మాయి నోట్‌బుక్కులో నంబరు వేస్తుంది, పిన్ని పిక్కని బొటనవేలితో తిప్పి కత్తి ఎటు పడాలో చెబుతుంది, తర్వాత రోబో చేత పట్టిస్తాం, జారితే ఎలా జారిందో రాస్తాం. మొదటి వారం పిన్ని టకటకా చెప్పేసేది. నాలుగైదు వందలు దాటాక ఒక పిక్క దగ్గర ఆగింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురు వైపు పెట్టి చూసింది.

"ఇది నాకూ తెల్దురా" అంది.

అలాంటివి వేయడానికి వేరే బుట్ట పెట్టాం. నిన్న రాత్రికి అందులో పందొమ్మిది ఉన్నాయి.